కుట్టకుండా వదిలేయండి

ముందు బూటు కోయాలి. లేసులు విప్పుదామని చూడకండి. మంచులో తడిసి, నెత్తురు పట్టి, ఆరి బిగుసుకుపోయిన లేసు వేళ్ళకి లొంగదు. పెద్ద కత్తెర తీసుకోండి. మడమ దగ్గర మొదలుపెట్టి పిక్క దాకా ఒకటే కోత. బూటు రెండు చెక్కలుగా విడిపోతుంది. లోపల ఒకదానిమీద ఒకటి తొడిగిన ఉన్ని మేజోళ్ళు. వాటినీ కోసెయ్యండి. అప్పుడు గానీ కాలు కనబడదు. వేళ్ళ రంగు చూడండి. పాదం మీద, బొటనవేలి వరసలో కాస్త పైకి, రెండు వేళ్ళు ఆనించి నాడి వెతకండి. చుట్టూ గోలగా ఉంది కదా, కళ్ళు మూసుకోండి. తప్పులేదు, తలపండిన సర్జన్లు కూడా ఇక్కడ కళ్ళు మూసుకుంటారు. దొరికిందా? సన్నగా కొట్టుకుంటోంది. అయితే ఈ కాలికి ఇంకా రక్తం అందుతోంది. కంగారు లేదు, కానీ తీరికా లేదు.

ఇది 1999 జూన్ నెల, కార్గిల్ యుద్ధం నడుస్తోంది. చోటు శ్రీనగర్, బాదామీబాగ్ కంటోన్మెంటులోని 92 బేస్ హాస్పిటల్. ఈ రాత్రికి ఇక్కడి ఎముకల సర్జన్ మీరే అనుకోండి. మీరు మేజర్. ఆ హోదా గుర్తులు ఆకుపచ్చ గౌను కింద ఎక్కడో ఉన్నాయి, వాటిని ఎవరూ చూడరు. తొలోలింగ్ శిఖరం మొన్న 13వ తేదీన మనవాళ్ళ చేతికొచ్చింది. ఊళ్ళలో టీవీల ముందు జనం బోఫోర్స్ ఫిరంగులు నిప్పు కక్కడం చూస్తున్నారు. మన దేశంలో ఇళ్ళలోకి వచ్చిన మొదటి యుద్ధం ఇదే అంటారు. వచ్చింది నిజమే కానీ ఆ కెమెరాలు ఈ గది దాకా రాలేదు. ఆ యుద్ధం అధికారిక లెక్కల్లో 527 మంది అమరులు, 1,300 పైచిలుకు మంది క్షతగాత్రులు. మొదటి అంకె అందరికీ నోటికి వచ్చు, రాళ్ళ మీద చెక్కారు కూడా. రెండో అంకెతోనే మీ పని.

బల్ల మీదున్న ఈ నాయక్ మీ దగ్గరికి ఎలా వచ్చాడో తెలుసుకుంటే సగం వైద్యం తెలిసినట్టే. కొండమీద దెబ్బ తగలగానే ఇతని జేబులోని ఫీల్డ్ డ్రెస్సింగ్‌ని పక్కనున్న జవానే అదిమి కట్టాడు. ఆ ఎత్తులో, ఆ వాలులో స్ట్రెచర్ నడవదు, వీపున వేసుకుని దించారు. పగలు కదిలితే పైనుంచి కాల్పులు, అందుకని చీకటి పడేదాకా బండచాటున ఉన్నాడు. కింద పటాలం డాక్టరు మార్ఫిన్ ఇచ్చి, రెండోసారి ఎవరూ పొరపాటున ఇవ్వకుండా నుదుటి మీద పెన్నుతో 'ఎం' అక్షరం రాశాడు. అది ఇంకా చెరగలేదు. తర్వాత డ్రెస్సింగ్ స్టేషను, ఆ తర్వాత చీతా హెలికాప్టర్, జోజిలా కనుమ దాటి ఇక్కడికి. మెడలో దారంతో కట్టిన కార్డు మీద ఇదంతా ఉంది, వాన పడ్డ రాతలో. గాయమైన గంట చూడండి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. కండ రక్తం లేకుండా 6 గంటలు దాటితే బతకడం కష్టం. గాయంలో పడ్డ మట్టిలోని క్రిములు కూడా ఆ గంటల్లోనే పని మొదలుపెడతాయి.

బయట వరండాలో మిగిలినవాళ్ళున్నారు. వాళ్ళని మూడు వరసలుగా ఎవరు విడగొట్టాలి? చాలా ఆస్పత్రుల్లో ఆ పని చిన్న డాక్టర్లకి వదిలేస్తారు. ఇక్కడ అలా కుదరదు. ఎవరికి ఇప్పుడే కత్తి పెట్టాలో, ఎవరు రెండు గంటలు ఆగగలరో, ఎవరికి కట్టు మార్చి చాయ్ ఇస్తే చాలో తేల్చడానికి అందరికన్నా అనుభవమున్న కళ్ళు కావాలి. గట్టిగా అరిచేవాణ్ణి తర్వాత చూడొచ్చు, అరిచే ఓపిక ఉంది కాబట్టి. మాట్లాడకుండా పైకప్పు చూస్తున్నవాడి దగ్గరికి వెళ్ళండి. ఈ వరసలో హోదా లెక్కలోకి రాదు. కర్నల్ గారి భుజంలో ముక్క ఉన్నా, సిపాయి తొడలోంచి రక్తం పోతుంటే సిపాయే ముందు. పట్టుబడ్డ శత్రు సైనికుడైనా అంతే. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఎవరు ముందు అనేది తేల్చాల్సింది గాయమే, యూనిఫాం కాదు.

ఆ పైకప్పు చూస్తున్నవాడి తొడ ఎముక విరిగింది. తొడలో బయటికి కనబడకుండానే లీటరు, లీటరున్నర రక్తం పోతుంది. అయినా వాడు ఇక్కడిదాకా ప్రాణంతో రావడానికి కారణం కాలి పొడవునా ఉన్న ఆ ఇనుప చట్రం. తొడ మొదట్లో తోలు తొడిగిన కడియం, దాన్నుంచి కిందికి రెండు కడ్డీలు, కొసన కాలిని లాగి కట్టిన గుడ్డ. థామస్ స్ప్లింట్. చూడ్డానికి ఏ ఊరి కమ్మరైనా చేసిచ్చేదే. 1870ల్లో లివర్‌పూల్ డాక్టరు హ్యూ ఓవెన్ థామస్ దీన్ని కీళ్ళ క్షయ కోసం చేశాడు. ఆయన పూర్వులు వేల్స్‌లో తరాలుగా ఎముకలు కట్టేవాళ్ళు. మన పుత్తూరు కట్టు కుటుంబాల్లాంటి వాళ్ళన్నమాట. ఆ వంశంలో చదువుకుని డాక్టర్లైన మొదటి తరం ఈయనది. బతికుండగా ఆ చట్రాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన శిష్యుడు, బంధువు రాబర్ట్ జోన్స్ దాన్ని ఫ్రాన్స్ కందకాలకి తీసుకెళ్ళాడు. అంతకుముందు తుపాకి దెబ్బకి తొడ ఎముక విరిగినవాళ్ళలో 100కి 80 మంది చనిపోయేవారని, యుద్ధం ముగిసేసరికి అది 20 లోపుకి దిగిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. విరిగిన ఎముకల కొసలు కదలకుండా లాగిపెడితే రక్తం ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. అంతే సూత్రం. చట్రం అలాగే ఉండనివ్వండి. రక్తం ఎక్కించమని చెప్పి నాయక్ దగ్గరికి రండి.

ఇప్పుడు అసలు పని.

మోకాలి కింద బయటివైపు మీ బొటనవేలు పట్టేంత రంధ్రం. ఫిరంగి గుండు పేలినప్పుడు ఎగిరిన ఇనుప ముక్క చేసింది. కార్గిల్‌లో తూటా దెబ్బలకన్నా ఇవే ఎక్కువ. లోపలివైపు అది బయటికొచ్చిన చోటు మీ పిడికిలంత. ఎక్స్‌రేలో కాలి పెద్ద ఎముక ముక్కలుముక్కలుగా ఉంది. మత్తు డాక్టరు తలూపగానే మొదటి పని కడగడం. బకెట్ల కొద్దీ సెలైన్. 9 లీటర్లు, 10 లీటర్లు. ఒక జవాను పట్టుకున్న జగ్గులోంచి ధార పడుతుంటే మీరు వేలితో లోపల తడుముతారు. ఏమేం బయటికొస్తాయో చూడండి: ప్యాంటు గుడ్డ, ఉన్ని పోగులు, గులకరాళ్ళు, గడ్డి, బూటు తోలు ముక్క. ఇనుప ముక్కకన్నా ఇవి ప్రమాదం. ఇనుము చాలాసార్లు ఊరికే పడి ఉంటుంది. గుడ్డ మాత్రం మట్టినీ, మట్టిలో గాలి సోకని చోట పెరిగే క్రిమినీ వెంటబెట్టుకొస్తుంది. ఆ క్రిమి కండలో పడి గ్యాస్ గాంగ్రీన్ మొదలైతే కాలు కాదు, మనిషే దక్కడు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మన సినిమాల్లో డాక్టరు చెమటలు తుడిపించుకుంటూ పటకారుతో తూటా బయటికి లాగి, స్టీలు పళ్ళెంలో 'టంగ్' మనిపించగానే హీరో గండం గడిచినట్టు. ఆ టంగ్ కోసం కండలో కెలికితే మీరు చేసే హాని తూటా చేసినదానికన్నా ఎక్కువ. కీలు లోపలో, నరం పక్కనో, పెద్ద రక్తనాళం మీదో ఉంటే తీయాలి. లోతు కండలో కూర్చున్న ముక్కని అక్కడే ఉండనివ్వచ్చు. యుద్ధం ముగిసి ఎన్నేళ్ళయినా ఒంట్లో ఇనుము పెట్టుకుని తిరిగే మాజీ సైనికులు దేశమంతా ఉన్నారు. విమానాశ్రయంలో తనిఖీ ద్వారం కూసినప్పుడు నవ్వుతారు.

కడిగాక కోత. చర్మాన్ని గాయానికి అటూ ఇటూ పొడవుగా తెరవండి, పిసినారితనం వద్దు. కింద ఉన్న గట్టి పొరని ఇంకా పొడవుగా. ఆ పొర లోపల కండ ఉబ్బి తన రక్తనాళాల్ని తనే నొక్కేసుకుంటుంది. ఆ పొర విప్పకపోతే రేపు పొద్దుటికి పైకి బాగానే కనిపించే కాలు లోపల చచ్చి ఉంటుంది. తర్వాత కండరం. ఏది ఉంచాలి, ఏది తీయాలి? పుస్తకం నాలుగు గుర్తులు చెబుతుంది: రంగు, బిగువు, గిల్లితే ముడుచుకోవడం, కోస్తే నెత్తురు రావడం. పట్టకారుతో చిన్నగా గిల్లండి. ముడుచుకుందా? బతికే ఉంది. పక్కది? కదల్లేదు, రంగు ఇటుకపొడిలా మారింది. కోసెయ్యండి. ఇంకాస్త. నెత్తురు చుక్కలు కనబడేదాకా. తొడకి రక్తం ఆపే పట్టీ చుట్టి ఉంది గానీ బిగించలేదు. బిగిస్తే ఏది బతికుందో ఏది చచ్చిందో మీకు తెలియదు. చర్మం దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టాలి. చర్మం అంచుని ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి తీయకూడదు, తర్వాత వచ్చేవాడికి అది కావాలి. ఎముక ముక్కల్లో కండ అంటుకుని ఉన్నవి ఉంచండి, విడిగా తేలుతున్నవి తీసెయ్యండి. ఇది గంటకి పైగా పడుతుంది. నిలబడ్డ కాళ్ళు మొద్దుబారతాయి. చూసేవాళ్ళకి ఏమీ జరుగుతున్నట్టుండదు. నన్నడిగితే యుద్ధ వైద్యమంటే ముప్పాతిక భాగం ఇదే. పతకాలు దీనికి రావు.

అయిపోయింది. గాయం శుభ్రంగా ఉంది. లోపల గులాబీ రంగు కండ, అక్కడక్కడ చుక్క చుక్క నెత్తురు. చర్మపు అంచులు రెండూ దగ్గరికి లాగితే చక్కగా కలుస్తాయి. ఎన్నేళ్ళ చదువు మీ చేతుల్లో ఉందో! పూణేలో సైనిక వైద్య కళాశాల, ఆ తర్వాత ఎముకల మీద మూడేళ్ళు. ప్రతి ప్రొఫెసరూ నేర్పింది ఒకటే: తెరిచినదాన్ని అందంగా మూయాలి. సూది, దారం ట్రేలో సిద్ధంగా ఉన్నాయి. పట్టుకోకండి.

కుట్టకుండా వదిలేయండి.

లోపల గుడ్డ వదులుగా పరిచి, పైన దూది పెట్టి, తెరిచే ఉంచండి. నాలుగైదు రోజుల తర్వాత, వాపు దిగి, చీము లేదని తేలాక, మరో ఊళ్ళో మరో సర్జన్ కుడతాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది కాళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం ఇది. విచిత్రమేమిటంటే ప్రతి యుద్ధం మొదట్లోనూ ఎవరో ఒకరు దీన్ని మర్చిపోతారు. ఊళ్ళో మోటారు సైకిల్ ప్రమాదాలు బాగుచేసి చెయ్యి తిరిగిన సర్జనే మొదట మర్చిపోతాడు. వాడి పేషెంటు వాడి వార్డులోనే ఉంటాడు, రేపు పొద్దున్న కట్టు విప్పి చూస్తాడు. మీ పేషెంటు రేపు పొద్దుటికి మూడు వందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. మూసిన గాయం లోపల కుళ్ళితే చూసేవాడుండడు.

ఎముక సంగతీ అంతే. ప్లేటు వేసి స్క్రూలు బిగించాలని చేతులు లాగుతాయి. ఇలాంటి గాయంలో లోహం పెడితే క్రిములకి ఇల్లు కట్టిచ్చినట్టే. విరిగిన చోటుకి దూరంగా, పైన రెండు, కింద రెండు సూదుల్ని చర్మంలోంచి ఎముకలోకి దింపి, బయట కడ్డీతో కలపండి. ఇంటిగోడకి పరంజా కట్టినట్టు కాలు పక్కన ఒక చట్రం నిలబడుతుంది. ఎక్స్‌రేలో ఎముక వరస కాస్త వంకరగా ఉందా? ఉండనివ్వండి. పొడవు వచ్చింది, రక్తం అందుతోంది, ప్రయాణంలో కదలదు. ఈ గదిలో అది చాలు. ఎవరో ఢిల్లీలో సరిచేస్తారు. ఎముక కొంత పోయి ఖాళీ ఏర్పడితే, సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ కనిపెట్టిన రింగులు తొడిగి రోజుకి 1 మిల్లీమీటరు చొప్పున కొత్త ఎముక పెంచుతారు. ఆయన దగ్గరికి మొదట్లో వచ్చినవాళ్ళలో కూడా రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్ళు పాడైనవాళ్ళే చాలామంది. ఆ నెలల తరబడి పని మీది కాదు. మీది ఈ గంటన్నర.

తెల్లవారుజామున తీసుకొచ్చిన కుర్రాడు సాపర్, ఇంజనీర్ల దళం. మందుపాతరలు ఏరే జట్టు. కార్డు మీద 'మైన్ బ్లాస్ట్, కుడి కాలు' అని ఉంది. దుప్పటి తీయకముందే వాడు మీ పేరు పట్టీ చదివాడు.

"తెలుగోళ్ళా సార్?"

"అవును తమ్ముడూ. ఏ ఊరు?"

"సీకాకుళం సార్, టెక్కలి కాడ." కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. "నాను లేచీసరికి కాలుంటాదా సార్?"

ఈ ప్రశ్నకి జవాబు ఏ పరీక్షలోనూ అడగరు. దుప్పటి ఎత్తండి. పాదం లేదు. మడమ ఉండాల్సిన చోట నల్లటి పీలికలు. కానీ చీలమండ పైన చర్మం బాగానే ఉంది. చూపు అక్కడ మోసపోతుంది. మందుపాతర మీద కాలు వేస్తే పేలుడు కిందనుంచి పైకి, కండరాల మధ్య సందుల్లోంచి దూరి, మట్టినీ బూటు ముక్కల్నీ పిక్క దాకా తోసేస్తుంది. పైన చర్మం చెక్కుచెదరదు, లోపల ఎముక మీంచి కండ ఊడి ఉంటుంది. రెండో కాలు చూడండి, తొడల మధ్య చూడండి, కళ్ళు చూడండి. ఇలాంటి కేసులో గాయం ఒకచోటే ఉండదు.

"పాదం ఉండదు తమ్ముడూ. మోకాలు నిలబెడతాను."

వాడు ఏడవలేదు. కాసేపు ఆగి, "మాయమ్మకి ఇప్పుడే సెప్పకండి సార్. బెంగెట్టేసుకుంటాది" అన్నాడు. మత్తు డాక్టరు మాస్కు పెట్టేశారు.

రెండో సర్జన్ని పిలవండి. కాలు తీసే నిర్ణయం మీద ఇంకో సంతకం ఉంటే మంచిది. మీ తీర్పు మీద అనుమానం ఉండి కాదు, రాత్రంతా నిలబడ్డ కళ్ళు ఒక జతకి రెండు జతలైతే నయం. ఆయన చూసి తలూపుతాడు. ఇక ఎక్కడ కోయాలి? పుస్తకంలో అందమైన కొలత ఉంది, మోకాలి కీలు కింద 12 నుంచి 15 సెంటీమీటర్లు. దాన్ని పక్కన పెట్టండి. ఇవాళ కొలత పుస్తకానిది కాదు. బతికున్న కండ ఎంత కిందిదాకా ఉంటే అంత కిందే. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే బొడిపె ఉంది చూడండి, కాలిని చాపే నరంలాంటి పట్టీ దానికే అంటుకుని ఉంటుంది. అది మిగిలితే మోకాలు పని చేస్తుంది. మోకాలున్నవాడు కృత్రిమ కాలితో నడవడానికి పడే అదనపు శ్రమ కొద్దిది. మోకాలు పోయినవాడికి అడుగడుగుకీ సగానికి పైగా ఎక్కువ బలం కావాలి. మెట్లెక్కడం, పొలం గట్టు మీద నడవడం, బస్సెక్కడం అన్నీ ఆ కీలు మీదే ఆధారం. ఇంకో సంగతి: పిక్క వెనక పైపొర కండరం చాలాసార్లు పేలుడుకి పక్కకి తొలగి బతికిపోతుంది. అది పొడవు ఎక్కువైందని కోసెయ్యకండి. రేపు కాలి కొసకి మెత్తగా కప్పేది అదే. నరాన్ని సున్నితంగా కిందికి లాగి కోసి వదలండి, అది పైకి ముడుచుకుని కండలో దాక్కుంటుంది. లేకపోతే జీవితాంతం కృత్రిమ కాలి తొడుగు తగిలినప్పుడల్లా షాకు కొడుతుంది. ఎముక అంచుని ఆకురాయితో నునుపు చేయండి.

కొసని మూయాలా? మీకే తెలుసు.

ఈ పని గురించి మాట్లాడేటప్పుడు సైన్యంలో ప్రతివాళ్ళూ ఒక కథ చెబుతారు, అది కథ కాదు, జరిగిందే. 1971 డిసెంబరు, సిల్హెట్ ప్రాంతం. గూర్ఖా రైఫిల్స్ మేజర్ ఇయాన్ కార్డోజో మందుపాతర మీద కాలు వేశాడు. మార్ఫిన్ లేదు, కోసే సాధనం లేదు. తన ఖుక్రీతో తన కాలు తనే కోసుకున్నాడు. ఆ ధైర్యం అందరూ చెబుతారు. తర్వాతి సంగతి తక్కువమంది చెబుతారు: ఆ మిగిలిన కాలికి ఆపరేషన్ చేసింది మనవాళ్ళకి పట్టుబడ్డ పాకిస్తాన్ సైనిక సర్జన్, మేజర్ మహమ్మద్ బషీర్. కార్డోజో ఒంటికాలితోనే పటాలానికి నాయకత్వం వహించి, మేజర్ జనరల్ అయ్యాడు. ఆయన ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఖుక్రీ దగ్గర చప్పట్లు కొడతారు. నాకైతే కత్తి పట్టిన రెండోవాడి గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తుంది.

తెల్లారింది. కిటికీలోంచి చినార్ చెట్లు కనిపిస్తున్నాయి. మీకు అటు చూసే తీరిక లేదు, ఉధంపూర్‌కీ ఢిల్లీకీ వెళ్ళే విమానానికి మనుషుల్ని సిద్ధం చేయాలి. ప్లాస్టర్ వేసిన ప్రతి కాలికీ ఆ ప్లాస్టర్‌ని పైనుంచి కిందిదాకా, చర్మం కనబడేలా చీల్చండి. గాల్లో ఉండగా కాలు ఉబ్బితే విప్పేవాళ్ళు ఉండరు. తర్వాత లావు మార్కర్ పెన్ను తీసుకుని ఆ తెల్లటి ప్లాస్టర్ మీద రాయండి. గాయమైన తేదీ, గంట. కడిగిన తేదీ. లోపల పెట్టిన గుడ్డలెన్ని. ఎముక ఎక్కడ విరిగిందో బొమ్మ గీయండి, బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు. కాగితాలు తడుస్తాయి, ఎగిరిపోతాయి, వేరే స్ట్రెచర్ మీదకి చేరతాయి. ప్లాస్టర్ కాలుతో పాటే వెళుతుంది. నాయక్ వెళ్ళాడు. తొడ ఎముకవాడు వెళ్ళాడు. సాపర్ ఇంకా మగతలోనే ఉన్నాడు, వాణ్ణి ఎత్తేటప్పుడు కుడిమోకాలు వంగకుండా చూడమని నర్సింగ్ అసిస్టెంట్‌కి రెండుసార్లు చెప్పండి. వంగి అలాగే బిగుసుకుపోతే మీరు మిగిల్చిన మోకాలు ఎందుకూ పనికిరాదు. వాడు చివరికి చేరేది పూణే, ఆర్టిఫీషియల్ లింబ్ సెంటర్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో పెట్టింది. అక్కడ వాడికి కొత్త కాలు కొలుస్తారు. వాడు నడిచాడో లేదో మీకు తెలియదు. ఊళ్ళో డాక్టరుకి పండక్కి అరటిపళ్ళ గెల పట్టుకొచ్చే పేషెంట్లుంటారు. మీకుండరు.

ఇప్పుడు రెండేళ్ళు దాటిపోయాయి, మీకు బదిలీ అయింది, ఎక్కడికనుకున్నారు? సికింద్రాబాద్. తిరుమలగిరి మిలిటరీ హాస్పిటల్. ఫ్యాను గాలి, ఇరానీ చాయ్, పొద్దున్నే ఓపీ. ఓపీలో ఎవరుంటారంటే మోకాళ్ళరిగిన రిటైర్డ్ సుబేదార్లు, పారాచూట్‌తో దూకి మోకాలి లిగమెంటు తెంచుకున్నవాళ్ళు, సెలవులో ఇంటికెళ్ళి చెయ్యి విరగ్గొట్టుకుని పుత్తూరు కట్టుతో తిరిగొచ్చిన హవల్దార్లు. మిలిటరీ మాధవరం నుంచి ఒక పెద్దాయన వస్తాడు. పశ్చిమ గోదావరిలో ఆ ఊరు మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఇంటికొకణ్ణి పంపిస్తోంది. తన మోకాళ్ళ గురించి చెప్పడు, మనవడికి అరికాళ్ళు చదునుగా ఉన్నాయని సైన్యం భర్తీ ర్యాలీలో తీసేశారు, ఏమైనా చేయగలరా అని అడుగుతాడు. ఏమీ చేయలేరు. అరికాలికి వంపు లేకపోవడం, నిలబడితే మోకాళ్ళు రెండూ రాసుకోవడం, ఈ రెండూ ప్రతి ర్యాలీలో ఎందరో పల్లెటూరి కుర్రాళ్ళ ఆశని తుంచుతాయి.

ఈ గదిలో మీ చేతిలో కత్తి ఉండదు, పెన్ను ఉంటుంది. కత్తికన్నా అదే బరువు. సైన్యం ప్రతి మనిషినీ 'షేప్' అనే అయిదు అక్షరాల్లో కొలుస్తుంది: మనసు, వినికిడి, కాళ్ళూ చేతులూ, శరీరం, చూపు. కాళ్ళూ చేతుల అక్షరం మీది. దాని పక్కన 1 రాస్తే మనిషి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అంకె పెరిగే కొద్దీ కొండలు మూసుకుంటాయి, ప్రమోషన్లు మూసుకుంటాయి, 5 రాస్తే ఇంటికే. శ్రీనగర్‌లో మీరు సగం చేసి పంపితే మిగతాది చేసేవాళ్ళుండేవారు. ఈ ఫారం మీద మీ తర్వాత కాలు చూసే ఎముకల డాక్టరు లేడు.

ఇవాళ మెడికల్ బోర్డుకి వచ్చినవాడి ఎడమకాలు మోకాలి కింద లేదు. ఇది మీరు తీసిన కాలు కాదు. ఎక్కడో సరిహద్దులో, ఎవరో పేరు తెలియని సర్జన్ తీశాడు. తొడుగు విప్పించి చూడండి. కొస పొడవుగా ఉంది, బొడిపె ఉంది, పిక్క కండ మెత్తగా చుట్టుకుని ఉంది. మచ్చ ఆలస్యంగా కుట్టిన మచ్చ. ఆ సర్జన్ ఏ గంటకి, ఎంత నిద్రతో, ఏమేం కోయకుండా ఆపుకున్నాడో ఆ మచ్చ చూస్తే మీకు తెలిసిపోతుంది. వేలితో నొక్కండి. నరం షాకు లేదు.

"సర్, బయటికి పంపకండి. స్టోర్‌లో వేసినా చాలు" అంటాడు హిందీలో. మీ సిఫారసు ఒక్కటే చాలదు. ఒంటికి సరిపడే పని తన దగ్గర ఉందని వాడి కమాండింగ్ ఆఫీసర్ రాసివ్వాలి. కాగితం తెచ్చాడా? తెచ్చాడు, నాలుగు మడతలు పెట్టి. చదివి, మీ వంతు గడి నింపండి. వైకల్యం ఎంత శాతం, సర్వీసు వల్లే వచ్చిందా. ఆ రెండో గడిలో ఒక్క మాట తేడాగా రాస్తే వాడి పింఛను కోర్టుల చుట్టూ తిరుగుతుంది. నెమ్మదిగా రాయండి. అర్థమయ్యేలా రాయండి. డాక్టర్ల దస్తూరి మీద జోకులు ఇక్కడ నవ్వు తెప్పించవు.

తర్వాతివాడు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ నుంచి వచ్చిన రిక్రూటు. పందొమ్మిదేళ్ళుంటాయేమో. పరుగులో ముణుకు కింద నొప్పి అని శిక్షణ ఇచ్చే ఉస్తాద్ పంపించాడు. వీడు మాత్రం నొప్పి లేదంటున్నాడు. ఉందంటే ఆరు వారాలు విశ్రాంతి రాస్తారని, బ్యాచి వెళ్ళిపోతుందని, రిలిగేట్ చేసి వెనక బ్యాచిలో వేస్తారని వాడికి తెలుసు. కవాతుకీ పరుగుకీ ఎముకలో వెంట్రుకంత పగులు వస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడదు. దాచుకుని పరిగెత్తితే ఒకరోజు పరేడ్ మైదానంలోనే ఫట్ మంటుంది. కాలి పెద్ద ఎముక మీద, లోపలి అంచున, బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి.

"ఇక్కడ?"

"లేదు సార్."

"ఇక్కడ?"

"లేదు సార్!" ఈసారి గొంతు కాస్త పెద్దదైంది.

మళ్ళీ అక్కడే నొక్కండి. ఈసారి కాలు చూడకండి, వాడి మొహం చూడండి.